జిగురు మేస్త్రీ బిగించిన ఫాగ్ లైట్లు

జిగురు మేస్త్రీకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. దాన్ని కన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ పలికిన పాపాన పోలేదు. బళ్ళకు కరెంటు పని చేసే ఆ వీధిలో ఎవరినడిగినా, "జిగురు మేస్త్రీయా? అదిగో, ఆ మూల షెడ్డు" అని చెయ్యి చూపిస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు. అతను బిగించిన స్క్రూ ఊడిందని చెప్పినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఊడకపోవడం మాట అటుంచండి, అవసరం పడి విప్పుదామన్నా అది రాదు.

అతని షెడ్డులో అలమర మీద జిగురు సీసాలు రెండుండేవి. నీలం మూత సీసా, ఎప్పుడో ఒకప్పుడు విప్పాల్సి వచ్చే స్క్రూలకు. ఎర్ర మూత సీసా, ఈ జన్మలో విప్పే పని లేనివాటికి. ఎర్రది వేసిన స్క్రూ కదలాలంటే మంట పెట్టి కాల్చాల్సిందే. నీలం సీసా కొన్న దగ్గర్నుంచీ దుమ్ము పట్టి, నిండుగా, దిగులుగా కూర్చునుంది. ఎర్రది మాత్రం తెచ్చినంత సేపు పట్టదు, ఖాళీ.

ఇంట్లో మాత్రం తక్కువ తిన్నాడా! టీవీ రిమోటు వెనక మూత వదులైందని భార్య నోరు జారింది, అంతే. భోజనం మధ్యలో లేచి వెళ్ళి జిగురేసి వచ్చాడు. తర్వాత బ్యాటరీలు అయిపోయిననాడు ఆ రిమోటును సుత్తితో పగలగొట్టాల్సి వచ్చింది. గొడుగు పుల్ల ఊగుతోందంటే దానికీ వేశాడు. వేసేటప్పుడు గొడుగు తెరిచి ఉంది. ఇక అది ఎప్పటికీ తెరిచే ఉంది, గుమ్మంలోంచి లోపలికి రానంటుంది, వానొచ్చినా ఎండొచ్చినా వరండాలోనే దాని కాపురం.

"ఏమండీ, మీ నోటికి కూడా ఓ చుక్క వేసుకోకూడదూ, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది" అంటుంది భార్య. అతనికి చీమ కుట్టినట్టయినా ఉండదు. తన చేతి పని ఊడిందన్న మాట తన చెవిన పడకూడదు, అంతే. ఆ భయం అతనికి చిన్నప్పటిది. తను బిగించిన చక్రమే ఊడి, తోపుడు బండిలోంచి చెల్లెలు బోర్లా పడింది. దాని మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. చెల్లెలు ఆ సంగతి ఏనాడో మర్చిపోయింది. మేస్త్రీ మర్చిపోలేదు.

ఆ చెల్లెలే ఇప్పుడు బ్రెడ్డు వ్యాను నడుపుతోంది. కొండ కింద బేకరీలో తెల్లవారకముందే బ్రెడ్డు ఎక్కించుకుని, కొండ మీది ఆసుపత్రి వంటగదికి, ఆ పక్కనున్న అంగళ్ళకు అందించి వస్తుంది. ఏడాదిలో మిగతా రోజులన్నీ బాగానే ఉంటాయి గానీ, మంచు పట్టే కాలంలో ఆ కొండదారి మీద సొంత చెయ్యి సొంత కంటికి కనిపించదు. మొన్నీమధ్య అలాంటి ఉదయాన, పెద్ద మలుపు దగ్గర వ్యాను ముందు చక్రం పక్క కాలవలో దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. బ్రెడ్లు కొన్ని చపాతీల్లా అణిగాయి, ఆసుపత్రిలో రోగులు ఉత్త టీ తాగారు. బేకరీ యజమాని కోపంతో ఒంటికాలి మీద లేచాడు. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఈ దారి వేరే బండికి ఇచ్చేస్తానని మొహం మీదే చెప్పాడు.

ఇంటి దగ్గర అత్తగారు అంతకంటే ముందే తీర్పిచ్చేసింది. "చాల్లే ఆ బండి. అమ్మేసి ఇంట్లో కూర్చో. పొద్దున్నే నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి వచ్చేదాకా నా గుండె గుండెలో ఉండటం లేదు" అంది. చెల్లెలి మొగుడు, అంటే మేస్త్రీకి బావ, దర్జీ. గుడ్డ మీద కత్తెర బాగా పడుతుంది గానీ మాటల్లో ఎటూ తెగనివ్వడు. తల్లి చెప్పినప్పుడు "అవునమ్మా" అన్నాడు. పెళ్ళాం చెప్పినప్పుడు "అదీ నిజమే" అన్నాడు.

చెల్లెలు సాయంత్రం వ్యానేసుకుని నేరుగా షెడ్డుకొచ్చింది. దిగలేదు, స్టీరింగు పట్టుకునే కూర్చుంది.

"అన్నయ్యా, నాకు భయం పట్టుకుంది. మంచు చూస్తే బ్రేకు మీంచి కాలు రావడం లేదు. కానీ ఈ బండి పోతే నేను బతకలేను. ఆ ఇంట్లో నా మాట ఎవరూ వినరు. ఇదొక్కటే నేను తిప్పిన వైపు తిరుగుతుంది."

 ఓదార్చడం మేస్త్రీకి చేతకాదు, పనిలో పడటమే తెలుసు. వంగి, మంచులో దారి చూపాల్సిన పాత ఫాగ్ లైట్ల మీద వేలితో తట్టాడు. బండితో పాటు వచ్చినవి, లోపల నీరు చేరి పాచి పట్టిపోయాయి. "ఇవి లైట్లా, బండికి పట్టిన కంటిపొరలా? రేపు పొద్దున బండి నా దగ్గర వదులు" అన్నాడు.

మర్నాడు పొద్దుటి ట్రిప్పు అయ్యాక వ్యాను షెడ్డు ఎక్కింది. కొత్త లైట్లు డబ్బాలోంచి తీసేటప్పుడు మేస్త్రీ చేతులు తుడుచుకున్నాడంటే చూడండి. పసుపు వెలుతురు, వెడల్పాటి అద్దం, వెనక వేడి పోవడానికి రెక్కలు. బంపర్ కింద పాతవి ఊడబెరికి కొత్త పట్టీలు బిగించాడు. ఈ లైట్లు లాగే కరెంటుకు పాత తీగ చాలదని, బ్యాటరీ నుంచి విడిగా మందపాటి తీగ లాగి, మధ్యలో ఫ్యూజు పెట్టి, రబ్బరు బిరడాలోంచి లోపలికి దూర్చి, స్టీరింగు పక్కన స్విచ్చి పెట్టాడు. తీగ ఎక్కడా ఇనుముకు రాసుకోకుండా గొట్టం తొడిగాడు. ఇక్కడిదాకా వంక పెట్టడానికి వీల్లేదు. పనిమంతుడు పనిమంతుడే.

అసలు పని తర్వాతిది. ఫాగ్ లైటు ఎంత మంచిదైనా, చూపు సరిగ్గా నిలపకపోతే దండగ. వెలుగు నేలకు దగ్గరగా, వెడల్పుగా పరుచుకోవాలి. కాస్త పైకి లేచిందా, మంచు దాన్ని తిప్పి మన కళ్ళలోకే కొడుతుంది, ఎదురుగా తెల్ల దుప్పటి ఆరేసినట్టుంటుంది. మరీ కిందికి దిగిందా, దారి కనపడదు. అందుకని చీకటి పడేవేళ బండిని చదునైన చోట గోడకెదురుగా నిలబెట్టి, లైటు ఎంత ఎత్తునుందో గోడ మీద అంత ఎత్తున గీత గీసి, వెలుగు పైఅంచు ఆ గీతకు కాస్త కింద పడేలా స్క్రూలు తిప్పాలి. చక్రాల్లో గాలి సరిగ్గా ఉండాలి. బండిలో రోజూ ఉండే బరువే ఉండాలి.

ఈ చివరి మాట దగ్గరే మన మేస్త్రీ బుర్ర పాదరసంలా పనిచేసింది. పనిచేయకపోయినా బాగుండేది.

"ఈ వేళప్పుడు బేకరీలో బ్రెడ్డు ఉండదు. బండి మాత్రం నిండా ఉండాలి" అంటూ చుట్టూ చూశాడు. వీధి చివర, బండి నిలబెట్టిన గోదాము గోడ దగ్గర, తమాషా చూద్దామని వచ్చిన కుటుంబం కనిపించింది. అత్తయ్యగారు, దర్జీ బావ, తన భార్య. "ఎక్కండి" అన్నాడు.

"ఎక్కడికి?" అంది అత్తగారు.

"ఎక్కడికీ కాదు అత్తయ్యా. బ్రెడ్డు బదులు."

"బ్రెడ్డు బదులా? నేనా?" అత్తగారు కొంగు దులిపింది. ఆవిడ భారీ మనిషి. కూర్చుంటే కుర్చీ కిర్రుమని మనతో మొరపెట్టుకుంటుంది. "ఏం అబ్బాయ్, నన్ను చూస్తే నీకు తూకపు రాయిలా కనిపిస్తున్నానా?"

"అయ్యో, అంత మాటా! మీలాంటి నిండైన మనిషి ఉంటేనే పని నిండుగా ఉంటుందని..."

అది పొగడ్తో కాదో తేల్చుకునేలోపే బావ చెయ్యందించి తల్లిని ఎక్కించేశాడు. వెనక తలుపు దగ్గర ఎడమ మూల బోర్లించిన ట్రే మీద అత్తగారు, కుడి మూల బావ, మధ్యలో మేస్త్రీ భార్య. స్టీరింగు దగ్గర చెల్లెలు. వ్యాను వెనక భాగం 'హమ్మా' అని కుంగింది.

"అన్నయ్యా," అంది చెల్లెలు కిటికీలోంచి మెల్లగా, "బ్రెడ్డు తేలిక కదా..."

"నీకు తెలీదు, నువ్వు బ్రేకు మీంచి కాలు తియ్యకు. నిండు బండికి నిండు బరువు" అన్నాడు మేస్త్రీ గంభీరంగా. పక్క షెడ్లవాళ్ళు వింటున్నారు, మరి గంభీరంగా ఉండకపోతే ఎలా?

పని మొదలైంది. మేస్త్రీ నేల మీద పడుకుని స్క్రూ తిప్పుతాడు, లేచి గోడ చూస్తాడు, మళ్ళీ పడుకుంటాడు. ఇంతలో గోడ మీది వెలుగు ఉన్నట్టుండి వణకడం మొదలెట్టింది. తీగ వదులైందేమోనని అన్నీ తడిమాడు. బాగానే ఉన్నాయి. ఆగి మళ్ళీ వణికింది. ఏమిటా అని వెనక్కి వెళ్ళి చూస్తే, బావ గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. గురకకొక వణుకు.

"బావా, ఊపిరి పీల్చుకో గానీ ఊగకు!" అని అరిచాడు.

చివరికి వెలుగు రెండు పక్కలా సమంగా, గీతకు కాస్త కింద, ఇస్త్రీ చేసినట్టు నిలిచింది. చూసినవాళ్ళంతా భేష్ అన్నారు. మేస్త్రీ అలమర దగ్గరకు వెళ్ళాడు. నీలం సీసా వైపు చూడనైనా లేదు. ఇది చెల్లెలి బండి. ఈ స్క్రూలు ఊడటమా? ఎర్ర సీసా మూత తీసి, చుక్క చాలదన్నట్టు ధారగా పోశాడు.

ఆ రాత్రి అందరూ చెల్లెలి ఇంట్లోనే భోంచేసి అక్కడే పడుకున్నారు. ఇల్లు సరిగ్గా కొండ మొదట్లో ఉంటుంది. మేస్త్రీ నిద్రలో కూడా నవ్వుతున్నాడని తర్వాత భార్య చెప్పింది.

తెల్లవారుజామున అన్నాచెల్లెళ్ళు బేకరీకి వెళ్ళి బ్రెడ్డు ఎక్కించారు. మెత్తగా, వేడిగా, దూది లాంటి బ్రెడ్డు. ట్రేలకు ట్రేలు ఒక్క చేత్తో అందుకుంటూ, అది తన కండబలమే అనుకున్నాడు మేస్త్రీ. కొండ మొదట్లోకి, ఇంటి ముందుకు వచ్చేసరికి మంచు కమ్మేసింది. హెడ్‌లైట్లు వేస్తే తెల్ల గోడ. "ఇప్పుడు చూడు నీ అన్న తడాఖా. నొక్కు స్విచ్చి" అన్నాడు.

చెల్లెలు నొక్కింది. బంపర్ ముందు, అక్కడే, కాళ్ళ దగ్గర పెంపుడు పిల్లుల్లా రెండు పసుపు మడుగులు పడ్డాయి. వాటికి అవతల అంతా చీకటి. బంపర్‌కు మాత్రం దారి బ్రహ్మాండంగా కనిపిస్తోంది.

చెల్లెలు బండి ఆపేసింది. చేతి బ్రేకు లాగింది. 

మేస్త్రీ దూకి, స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాడు. స్క్రూ కదల్లేదు. రెండు చేతులతో తిప్పాడు. స్క్రూ తల అరిగింది గానీ స్క్రూ కదల్లేదు. కాలుద్దామంటే చుట్టూ ప్లాస్టిక్కు, లైటే కరిగిపోతుంది. తన చేతి పని ఇంత గట్టిదని మొదటిసారి స్వయంగా తెలుసుకున్నాడు. నేల మీద అలా చతికిలబడి, "నా బుద్ధి గడ్డి తిన్నదే" అన్నాడు. "నువ్వు చెప్పావు. బ్రెడ్డు తేలికని చెప్పావు. నేను వినలేదు."

"ఇంట్లోనూ అంతేగా" అంది చెల్లెలు. ఆ గొంతులో కోపం లేదు, అందుకే మేస్త్రీకి ఎక్కువ నొప్పి పుట్టింది. "పోనీలే అన్నయ్యా. ఆసుపత్రికి ఫోన్ చేసి రాలేనని చెప్పేస్తాను."

"ఆగు!" వెనక తలుపు తెరిచి ట్రేల మధ్య తనను తాను కుక్కుకున్నాడు మేస్త్రీ.

"అన్నయ్యా! కొంచెం లేచింది! వెలుగు లేచింది!"

ఇంకేముంది, రోగం దొరికింది, మందు ఇంట్లోనే ఉంది. మేస్త్రీ పరుగున వెళ్ళి తలుపు బాదాడు. అత్తగారు శాలువాతో, బావ దిండుతో, భార్య చిరాకుతో బయటికొచ్చారు.

"మళ్ళీ ఎక్కాలి" అన్నాడు. విషయం చెప్పాడు.

"రాళ్ళు వేసుకోరాదూ?" అన్నాడు బావ ఆవులిస్తూ.

"రోగులు తినే బ్రెడ్డు పక్కన వీధి రాళ్ళా? నువ్వు ఈ మంచులో రాళ్ళు ఏరుకొచ్చేసరికి బ్రెడ్డే రాయవుతుంది" అంది అతని తల్లి. ఆవిడ కోడలి మొహంలోకి చూసింది. కోడలు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, కళ్ళు తుడుచుకోకుండా ఎటో చూస్తోంది. అత్తగారు శాలువా బిగించుకుంది. "ఊఁ, పట్టండి నన్ను. నిన్న నన్ను ఏ మూల కూర్చోమన్నావు? ఎడమ మూలేగా?"

ఎవరి మూలలో వాళ్ళు కూర్చున్నారు, ఒళ్ళో ట్రేలు పెట్టుకుని. నిన్నటి బరువుకు బ్రెడ్డు కూడా తోడైంది కాబట్టి దానికి విరుగుడుగా మేస్త్రీ ముందు సీట్లో కూర్చున్నాడు. ఈసారి స్విచ్చి నొక్కితే రోడ్డు మీద పసుపు చాప పరిచినట్టు వెలుగు పరుచుకుంది. రెండంచులూ కనిపించాయి. బండి కదిలింది.

కొంతదూరం పోయాక వెలుగు ధబేల్మని కిందికి పడింది.

"ఎవరు కదిలారు?" అని అరిచాడు మేస్త్రీ.

"నడుం పట్టేసిందయ్యా, కాస్త ముందుకు జరిగాను" అంది అత్తగారు.

"అత్తయ్యా, మీ మూలకి! రోడ్డు పోయింది!" అంది కోడలు. పెళ్ళై వచ్చాక ఆ పిల్ల అత్తగారి మీద గొంతు పెంచడం అదే మొదలు. అత్తగారు మారు మాట్లాడకుండా వెనక్కి జరిగింది. రోడ్డు తిరిగొచ్చింది.

కాసేపటికి ఎదురుగా బస్సొచ్చింది, దాని హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. మేస్త్రీకి మెరుపులా తట్టింది. "అత్తయ్యా, ముందుకు వంగండి!" ఆవిడ వంగింది, వెలుగు దిగింది, బస్సు దాటింది. "వెనక్కి!" ఆవిడ వాలింది, వెలుగు లేచింది. బస్సు డ్రైవరు మర్యాదగా చిన్న హారన్ కొట్టి పోయాడు.

"వాడెందుకు కొట్టాడు?" అంది అత్తగారు.

"మీకు థాంక్స్ చెప్పాడు అత్తయ్యా."

అంతే, ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత ఎదురుగా ఏ బండి వచ్చినా చెప్పక ముందే వంగడం, దాటగానే వాలడం. "వస్తున్నాడు వస్తున్నాడు... ఆఁ, పోయాడు" అని తనే చెప్పేది. పక్కన బావ ఒక బ్రెడ్డు తింటూ దొరికిపోయాడు. బరువు బయటికి పోలేదుగా, లోపలే ఉందిగా అని వాదించాడు.

పెద్ద మలుపు వచ్చింది. చక్రం కాలవలో దిగిన చోటు. బండి నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, ఆగింది. చెల్లెలి వేళ్ళు స్టీరింగు మీద బిగుసుకుపోయాయి.  ఊడిన చక్రం, బోర్లా పడ్డ పిల్ల, అన్నీ మేస్త్రీ కళ్ళ ముందు తిరిగాయి. ఇలాంటి చోట వేసే జిగురేదీ అతని దగ్గర లేదు.

వెనక చీకట్లోంచి అత్తగారి గొంతు వచ్చింది. "అమ్మాయ్. నేను కదల్లేదు. నా మూలలోనే ఉన్నాను. నీకు రోడ్డు కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది అత్తయ్యా."

"మరింకేం? నాకూ కనిపిస్తోంది ఇక్కణ్ణుంచి. పోనీ."

చెల్లెలు గేరు వేసింది. మలుపు తిరిగింది. ఆ తర్వాత కొండ పైదాకా బావ నమలడం ఒక్కటే వినిపించింది.

ఆసుపత్రి వంటగదిలో టీ పొంగు రాకముందే బ్రెడ్డు దిగింది. వంటమనిషి వ్యాను వెనక తలుపు తెరిచి, ట్రేల వెనక నుంచి ఒక పెద్దావిడ, ఒక దర్జీ, ఒక కోపిష్ఠి ఇల్లాలు దిగడం చూసి, బ్రెడ్డు లెక్క చూడటం మర్చిపోయాడు.

ఆ పగలంతా మేస్త్రీ షెడ్డులో తల వంచుకుని పని చేశాడు. ఆ స్క్రూలు రంపంతో కోసి, కొత్తవి వేసి, ఆ మధ్యాహ్నం బేకరీలో మిగిలిన బ్రెడ్డంతా బతిమాలి తెచ్చి వ్యానులో పెట్టి, చీకటి పడ్డాక చూపు నిలిపాడు. ప్రతి తిప్పుకీ "ఇప్పుడెలా ఉంది?" అని చెల్లెల్ని అడిగాడు. దుమ్ము తుడిచి నీలం సీసా మూత తీశాడు. ఎర్ర సీసాను అతని భార్య అంతకుముందే స్వాధీనం చేసుకుంది. ఇంట్లో దాస్తే వెతుక్కుంటాడని చేతిసంచిలోనే పెట్టుకు తిరుగుతోంది.

మర్నాడు తెల్లవారుజామున బేకరీ దగ్గర మళ్ళీ మంచు. వెలుగు ఒకసారి చూద్దామని మేస్త్రీ వచ్చాడు. సీసాల దగ్గర మొగుణ్ణి ఒంటరిగా వదలడం మంచిది కాదని భార్యా వచ్చింది. స్విచ్చి నొక్కగానే వెలుగు నేల వదిలేసి బేకరీ పెంకుల మీదికి ఎగిరింది. మేస్త్రీ పరుగున వెళ్ళి వెనక తలుపు తెరిచాడు. ఎడమ మూల, బోర్లించిన ట్రే మీద, కింద మెత్తటి దిండు వేసుకుని, శాలువా చుట్టుకుని అత్తగారు కూర్చుని ఉంది.

"అత్తయ్యా, లైట్లు బాగుచేశానండీ. మీరు రానక్కర్లేదు."

"నువ్వేగా మొన్న కూడా బాగుచేసింది?" అంది ఆవిడ. "ఇంట్లో కూర్చుంటే నా గుండె గుండెలో ఉండదు. ఇక్కడైతే రోడ్డు నాకూ కనిపిస్తుంది. మాటలాపి నీ పని చూసుకో, ఆసుపత్రిలో వాళ్ళు టీ పెట్టేస్తారు."

ముందు సీట్లోంచి చెల్లెలు వెనక్కి తిరిగి చూసింది. మొహమంతా నవ్వే. బండి అమ్మెయ్యమన్న మాట ఇక ఆ ఇంట్లో వినపడదని మేస్త్రీకి అప్పుడు నమ్మకం కుదిరింది.

అతను స్క్రూడ్రైవరు తీసుకుని బంపర్ ముందు పడుకున్నాడు. అత్తగారి బరువుతో కలిపి, బేకరీ గోడ మీద, మళ్ళీ చూపు నిలిపాడు. పని అయ్యాక జేబులోంచి సీసా తీశాడు.

"ఏ సీసా అబ్బాయ్ అది?" వెనక నుంచి కేక.

"నీలం అత్తయ్యా. రేపు మీరు రాకపోతే మళ్ళీ విప్పాలిగా."

"ఎర్రది వెయ్యి" అంది అత్తగారు.

మేస్త్రీ నేల మీద పడుకునే భార్య వైపు చూశాడు. ఆవిడ చేతిసంచి తెరిచి, ఎర్ర సీసా తీసి అతని చేతిలో పెట్టింది.